కథలో కథకుణ్ణి వెతికే శిక్షకులకు

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లోనూ కంపెనీల్లోనూ వ్యక్తిత్వ వికాస తరగతులు నడుపుతున్న శిక్షకులకు,



మీ తరగతుల్లో ఈమధ్య ఒక ఆట బాగా నడుస్తోంది. ముందు అందరిచేతా ప్రశ్నావళి నింపించి ఒక్కొక్కరికీ నాలుగక్షరాల ముద్ర ఇస్తారు. ఐఎన్ఎఫ్‌పీ, ఈఎస్‌టీజే అంటూ మొత్తం పదహారు రకాలు. ఆ తర్వాత తలా ఒక పేజీ కథ రాయమంటారు. కాగితాలు చేతులు మార్చి, ఇది రాసిన మనిషి ఏ రకమో చెప్పండి అంటారు. చెప్పేవాళ్లూ రాసినవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు, ఒకే మెస్సులో తినేవాళ్లు. సరిగ్గా చెబితే చప్పట్లు, తప్పితే నవ్వులు. భోజనాల తర్వాత కునికిపాట్లు పడే పిల్లల్ని మేలుకొలపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదని నేనూ ఒప్పుకుంటాను.

ఆటతో నాకు పేచీ లేదు. ఆట ముగిశాక దాని ఫలితాన్ని నిజమని చెప్పి పిల్లల్ని ఇంటికి పంపుతున్నారు. పేచీ అక్కడ.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను, వీలు దొరికినప్పుడు కథలు రాస్తాను. మీరు సాయంత్రానికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున్నే పిల్లలు స్టాఫ్ రూముకు వచ్చేది మాలాంటివాళ్ల దగ్గరికే. మా సెకండియర్ అమ్మాయి ఒకతె అలా వచ్చింది. క్లాసులో ఆమె మాటలు ఆపించడమే నాకు పెద్ద పని. బస్సు కండక్టరు మొదలుకొని క్యాంటీనులో టీ కాచే ఆయన దాకా అందరి కష్టసుఖాలూ ఆమెకు తెలుసు. మీ తరగతిలో ఆమె రాసిన కథలో ఒక ముసలి గేటుమాన్ ఉన్నాడు. ఊరికి దూరంగా రైల్వే గేటు దగ్గర ఒక్కడే ఉంటాడు. పేజీ మొత్తం మీద అతను పలికే మాటలు రెండే. చదివిన స్నేహితురాలు అంతర్ముఖి అంది, శిక్షకుడు తల ఊపాడు.

"నేను పైకి వాగుతానుగానీ లోపల ఒంటరిదాన్నట సార్," అంది నాతో, సగం నవ్వుతూ, సగం నమ్ముతూ.

ఆ ముసలాయన ఎక్కడివాడమ్మా అని అడిగాను. వాళ్ల ఊరి గేటు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి ఆమె పలకరించే మనిషేనట. ఆయనకు ఎంతమంది పిల్లలో, ఎవరు ఏ ఊళ్లో స్థిరపడ్డారో, చిన్న కోడలితో ఎందుకు పడదో కూడా చెప్పింది. ఆ కథ పుట్టింది ఆమె ఒంటరితనంలోంచి కాదు, దారిన పోయే ప్రతివాళ్లనీ పలకరించే గుణంలోంచి. కథలో ఉన్న మౌనం గేటుమాన్‌ది. దాన్ని తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టారు.

కథ రాయడమంటే కాసేపు మరొకరు కావడం. ఎంతమంది కాగలిగితే అంత కథకుడు. మీ పద్ధతేమో అతను ఎవరో ఒక్కడిగా తేలి తీరాలంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. అయితే ఇంత మాత్రానికి మీరు ఒప్పుకోరు కనుక, మీ పరికరం పుట్టిన ఇంటికే వెళ్లి మొదలుపెడతాను.

మనుషుల్ని రకాలుగా విడదీసే ఈ విద్య పుట్టిందే పుస్తకాలు చదవడంలోంచి. అమెరికాలో కాథరిన్ కుక్ బ్రిగ్స్ అనే ఆవిడ మనస్తత్వవేత్త యుంగ్ పేరు వినకముందే ప్రముఖుల జీవిత చరిత్రలు తిరగేసి, మనుషుల్లో కొన్ని తరహాలున్నాయని పట్టికలు వేసుకుంది. యుంగ్ తన 'సైకలాజికల్ టైప్స్' పుస్తకాన్ని 1921లో జర్మన్‌లో ప్రచురించాడు. 1923లో ఇంగ్లీషులోకి వచ్చాక కాథరిన్ దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ యుంగ్ పుస్తకం నిండా కూడా కవులే. షిల్లర్ ఆలోచనల మీద ఒక అధ్యాయం, స్పిట్టెలర్ రాసిన ప్రొమీథియస్ కావ్యం మీద మరో పెద్ద అధ్యాయం. కనుక రాతను బట్టి మనిషిని తేల్చడం మీరు కొత్తగా కనిపెట్టిన ఆట కాదు, దీని పుట్టుకలోనే ఉంది. చిత్రమేమిటంటే, అదే యుంగ్ 1922లో కవిత్వం గురించి ఉపన్యసిస్తూ, కృతిని కవి సొంత జీవితంలోకీ అతని మనోవ్యాధుల్లోకీ కుదించి చూడటం తగదని గట్టిగా వాదించాడు. పద్యం ఒక పద్ధతిలో పుడుతుంది, పద్యం రాసినవాడు మరో పద్ధతిలో బతుకుతాడు అని ఆయనకు తెలుసు. మీ కరదీపికల్లో యుంగ్ ఫోటో ఉంటుంది, ఈ మాట ఉండదు.

కాథరిన్ కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్. ప్రశ్నావళిని తయారు చేసింది ఈవిడే. చదివింది రాజనీతి శాస్త్రం. మనస్తత్వ శాస్త్రంలో పట్టా లేదు. దాన్ని తప్పుగా చెప్పడం లేదు, పట్టా లేనివాళ్లు గొప్ప పనులు చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీ తరగతుల్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది: ఇసబెల్ మొదట నవలా రచయిత్రి. అదీ అపరాధ పరిశోధన నవలలు. మెక్‌క్లూర్స్ అనే పత్రిక, స్టోక్స్ అనే ప్రచురణ సంస్థ కలిసి ఆ రోజుల్లో ఒక డిటెక్టివ్ నవలల పోటీ పెట్టాయి. బహుమతి 7,500 డాలర్లు, అప్పట్లో చాలా పెద్ద సొమ్ము. బహుమతి మీకే అని ముందుగా కబురందింది వేరేవాళ్లకు. ఫ్రెడరిక్ డానే, మాన్‌ఫ్రెడ్ లీ అనే ఇద్దరు వరస సోదరులు ఎలరీ క్వీన్ అన్న ఒకే పేరుతో పంపిన నవల అది. ఇంతలో పత్రిక దివాలా తీసింది, కొత్త యజమాని చేతికి వెళ్లింది, ఆ యజమాని బహుమతిని మార్చి ఇసబెల్ నవల 'మర్డర్ యెట్ టు కమ్‌'కు ఇచ్చాడు. ఓడిపోయిన ఎలరీ క్వీన్ తర్వాత ఎంత పేరు తెచ్చుకుందో డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇసబెల్ తనను తాను ఐఎన్ఎఫ్‌పీ అని చెప్పుకుంది. మీ పట్టికలో ఆ రకం అంటే మృదువైన మనసు, ఆదర్శాలు, ఎవరినీ నొప్పించని తత్వం. మరి ఆవిడ రాసింది హత్యల నవల. 1934లో వచ్చిన రెండో నవల 'గివ్ మీ డెత్‌' ఇంకా ఘోరం. అమెరికా దక్షిణాది కుటుంబం ఒకటి తమ వంశంలో నల్లజాతి రక్తం కలిసిందని నమ్మి, ఆ అవమానం భరించలేక సభ్యులు ఒకరి తర్వాత ఒకరు చనిపోవడం అందులో కథ. ఆ చావులకు ఆ కారణం సహజమేనన్నట్టు నవల నడుస్తుంది. ఇప్పుడు ఈ రెండు పుస్తకాలూ అట్టలు చింపి, పేరు చెరిపి మీ తరగతిలో ఇవ్వండి. రాసిన మనిషి ఐఎన్ఎఫ్‌పీ అని ఎవరైనా చెబుతారా? రెండో నవల చదివి ఆవిడ గురించి మనకు తెలిసేది ఒకటుంది, ఆ కాలపు శ్వేతజాతి సమాజంలోని విషం ఆవిడకూ అంటిందని. అది తెలుసుకోదగ్గ సంగతే. కానీ అది నాలుగక్షరాల్లో ఏ అక్షరం కింద పడుతుంది?

మన కావ్యశాస్త్రంలో ఈ తగువు వెయ్యేళ్ల నాటిది. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో కవి స్వభావం ఎలాంటిదో కావ్యమూ అలాంటిదే అన్నాడు, చిత్రకారుణ్ణి బట్టే చిత్రం అన్న లోకుల మాటను తోడు తెచ్చుకుంటూ. మీ వైపు వాదించే పెద్దమనిషి కావాలంటే ఆయన్ని పిలుచుకోవచ్చు. ఆ తర్వాత సుమారు వందేళ్లకు కాశ్మీరంలో అభినవగుప్తుడు వచ్చాడు. క్రౌంచపక్షి చావు చూసి వాల్మీకి శోకమే శ్లోకమైందన్న కథ అందరికీ తెలుసు. అభినవగుప్తుడు అక్కడే ఆగి, ఆ శోకం మునిది అనుకోకండి అన్నాడు. ముని తన సొంత దుఃఖంలో మునిగి ఉంటే శ్లోకం ఎలా వస్తుంది? ఏడుస్తూ కూర్చుంటాడు గాని ఛందస్సు కుదురుతుందా? సొంత దుఃఖం కరిగి ఎవరిదీ కాని, అందరిదీ అయిన రసంగా మారినప్పుడే కావ్యం పుడుతుందని ఆయన తీర్పు. నా ఓటు అభినవగుప్తుడికి. నాలుగు కథలు రాసి చించేసిన ఎవరిని అడిగినా అటే వేస్తారు. మనసు నిజంగా కలత పడి ఉన్న రోజున వాక్యం కదలదు. అది కాస్త చల్లబడి, ఇంకొకరి గొంతులోకి మారితేనే కదులుతుంది.

ఇక మనవాళ్ల సంగతి. 'కన్యాశుల్కం' మొదటి పుట నుంచీ గిరీశం మాట్లాడుతూనే ఉంటాడు. ఊళ్లో అప్పులు, నోట్లో ఇంగ్లీషు, ఎదుటివాణ్ణి మాటలతోనే పడగొట్టగల నేర్పు. ఆ పాత్రను బట్టి గురజాడ అప్పారావుగారికి ముద్ర వేస్తే నిస్సందేహంగా బహిర్ముఖి, అదీ మహా సరదా మనిషి. ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చులో ఉన్నాయి, తీసి చూడండి. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటూ, విజయనగరం సంస్థానం పనుల్లో నలుగుతూ, ఒక్కొక్క మాటనూ తూచి రాసుకునే ఉద్యోగి కనిపిస్తాడు. పోనీ గిరీశాన్ని పక్కనపెట్టి మధురవాణిని బట్టి చెబుదామా? రామప్పపంతుల్ని బట్టి? అగ్నిహోత్రావధాన్ల కోపాన్ని బట్టి? ఆ నాటకంలో పదహారు రకాలూ దొరుకుతాయి. అన్నీ ఒక్క మనిషి చేతిలోంచి వచ్చినవే. ఇందులో అసలు గురజాడ ఎవరు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్న నాటకానికి ఏ విధంగానూ పనికిరాదు.

రావిశాస్త్రిగారి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఎవరిని చూసినా భయపడతాడు. నీడను చూసి జడిసే ఆ గుమస్తా మనసులోకి తెలుగులో ఇంకెవరూ అంత లోతుగా వెళ్లలేదు. రాసినాయన విశాఖపట్నం కోర్టుల్లో వాదించిన ప్లీడరు. సాక్షుల్ని బోనులో నిలబెట్టి ప్రశ్నలు వేసే వృత్తి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లిన జీవితం. భయం గురించి అంత బాగా రాయడానికి పిరికివాడు కానక్కర్లేదు. భయపడుతున్నవాణ్ణి రోజూ దగ్గర నుంచి చూసి, వాణ్ణి చూసి నవ్వకుండా ఉంటే చాలు. బుడుగును మనకిచ్చిన ముళ్లపూడి వెంకటరమణగారిదీ ఇలాంటి సంగతే. చిన్నతనంలోనే తండ్రి పోయి, మద్రాసులో ఆ కుటుంబం పడ్డ ఇబ్బందుల్ని ఆయనే 'కోతికొమ్మచ్చి'లో చెప్పారు. బుడుగు చదివి ఆ బాల్యాన్ని ఊహించగలవాడెవడో చెప్పండి, దణ్ణం పెడతాను.

ఎలరీ క్వీన్ పేరు వెనక ఇద్దరున్నారని చెప్పాను కదా. అలాంటివాళ్లు మనకు అంతకుముందే ఉన్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులై అవధానాలు చేశారు, కావ్యాలూ నాటకాలూ రాశారు. ఎవరు ఏది రాసినా అది ఇద్దరి పేరునే వెలువడాలన్నది వారి కట్టుబాటు. తిరుపతిశాస్త్రిగారు కాలం చేశాక కూడా చెళ్లపిళ్లవారు తాను రాసినవాటిని జంట పేరుతోనే ప్రకటించారు. వారి పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు ఊరూరా రంగస్థలం మీద వినిపించాయి. విన్నవాళ్లలో ఎవరికీ ఇది ఆయనది, ఇది ఈయనది అని విడదీసి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఈ కాలంలో వసుంధర అన్న పేరుతో జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతులు కొన్ని దశాబ్దాలుగా కథలు రాశారు. చందమామలో ఆ పేరు చూసి పెరిగిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. వసుంధర ఏ రకం మనిషో ఆ కథలు చదివి చెప్పండి చూద్దాం. ఆలోచన ఒకరిది, వాక్యం ఒకరిది, ముగింపు మార్చింది ఇంకొకరు అయితే ఆ నాలుగక్షరాల్ని రెండేసి చొప్పున పంచుతారా?

మీరు అడ్డుపడి అనే మాట నాకు తెలుసు. 'ఇవన్నీ మహా రచయితల సంగతులండీ, మా పిల్లలు మామూలువాళ్లు. వాళ్ల కథలు చదివి తోటివాళ్లు చెప్పింది చాలాసార్లు సరిపోతోంది కదా' అంటారు. సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో చూడండి. చదివినవాడికి రాసినవాడు తెలుసు. రెండేళ్లుగా హాస్టల్లో పక్క మంచం మీద పడుకుంటున్నవాణ్ణి గురించి కథ చదివి కనిపెట్టాల్సింది ఏముంది? ముందే ఉన్న అభిప్రాయానికి కథలోంచి నాలుగు సాక్ష్యాలు ఏరుకుంటాడు, అంతే. వర్షం గురించి రాస్తే 'చూశావా, లోపల బాధ ఉంది' అంటాడు. అదే వర్షం గురించి గడుగ్గాయి ఒకడు రాస్తే 'వీడికి ప్రకృతంటే సరదా' అంటాడు. సాక్ష్యం ఒకటే, తీర్పు ముందే సిద్ధంగా ఉంది.

రాసినవాడు కూడా ఒప్పుకుంటాడు కదా అంటారేమో. అది ఇంకా తేలిక. 1948లో లాస్ ఏంజిలిస్‌లో బెర్ట్రం ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, కొన్ని రోజుల తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల వ్యక్తిత్వ వివరణ అంటూ విడివిడిగా కాగితాలు ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి చేతిలో ఉన్నదీ ఒకే వివరణ. వాక్యాలు బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి. నలుగురిలో కలివిడిగా ఉంటావు, ఒక్కోసారి మాత్రం ఒంటరిగా ఉండాలనిపిస్తుంది అంటే కాదనేవాళ్లెవరు? మా అమ్మాయి 'లోపల ఒంటరిదాన్నట' అని సగం నమ్మింది కూడా అందుకే. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ మాట ఎవరికి చెప్పినా సగం నమ్ముతారు.

అలాగని రాత నుంచి మనిషి గురించి ఏమీ తెలియదనే మొండివాదన నాది కాదు. జర్మనీలో కొందరు పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు నచ్చింది. 79 మందికి ఐదు మాటలిచ్చి కథ రాయమన్నారు. విమాన ప్రమాదం, పనిమనిషి, బాణసంచా, మధ్యయుగాలు, సూపర్‌మార్కెట్. ఈ ఐదింటినీ ఒక కథలో ఇరికించాలి, మీ పిల్లలకూ ఇచ్చి చూడండి, బలే తమాషాగా ఉంటుంది. ఆ కథల్ని రాసినవాళ్ల ముఖం ఎరగనివాళ్లకు ఇచ్చి, రాసినవాళ్ల గుణాల్ని అంచనా వేయమన్నారు. కొత్త ఆలోచనల్ని ఆహ్వానించే గుణాన్నీ, తోటివారితో మెత్తగా ఉండే గుణాన్నీ కొంతవరకు పట్టుకోగలిగారు. మాటకారులెవరో, మాట్లాడనివాళ్లెవరో కథ చదివి తేల్చారని మాత్రం అది చెప్పలేదు. మీరు అన్నిటికన్నా ముందు అడిగే అక్షరం అదే. పైగా వాళ్లు కొలిచింది పదహారు గదులు కాదు, ఎక్కువ తక్కువలుగా సాగే కొలతలు. నిజానికి జనంలో ఎక్కువమంది ఆ కొలతల మధ్యలోనే ఉంటారు; మధ్యలో ఉన్నవాణ్ణి పట్టుకుని ఈ పక్క అక్షరమో ఆ పక్క అక్షరమో అంటించడం మీ పద్ధతి. అందుకే నెల తర్వాత మళ్లీ ప్రశ్నావళి నింపితే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది.

టెక్సస్‌లో జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన ఇంకో దారి తొక్కాడు. కథలో ఏం జరిగిందన్నది వదిలేసి, మనం గమనించని చిన్న మాటల్ని, నేను, మేము, కానీ, లాంటివాటిని కంప్యూటరుతో లెక్కపెట్టించాడు. 1999లో లారా కింగ్‌తో కలిసి ఆయన అచ్చేసిన వ్యాసం ఈ దారిలో పేరున్నది. ఆ లెక్కలకూ గుణాలకూ సంబంధం దొరికింది, దొరికింది కొంచెమే. వేలమందిని కలిపి చూస్తే కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి మీద తీర్పు చెప్పడానికి చాలదు. పైగా ఆ లెక్క ఇంగ్లీషుకు సరిపోయింది. వచ్చాను, చూశాను, తిన్నాను అంటూ నేను అన్నది క్రియలోనే దాచేసుకునే మన భాషలో ఆ పట్టికను అలాగే దింపితే కుదరదు. ఆ పని తెలుగులో ఎవరైనా ఓపిగ్గా చేస్తే నేను మొదటి పాఠకుణ్ణి అవుతాను.

కథ రాయించి మనిషిని అంచనా వేసే పద్ధతి మన దేశంలో ఒకచోట పకడ్బందీగా నడుస్తోంది. సైన్యంలో అధికారుల ఎంపిక. హార్వర్డ్‌లో హెన్రీ మరే, క్రిస్టియానా మోర్గన్ 1930లలో తయారు చేసిన బొమ్మల పరీక్షకు అక్కడి కథల పరీక్ష వారసురాలు. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్ లాంటి చోట్ల ఉన్న ఎంపిక కేంద్రాల్లో అభ్యర్థికి మసక బొమ్మను 30 సెకన్లు చూపిస్తారు, 4 నిమిషాల్లో కథ రాయాలి. అలా 11 బొమ్మలు, పన్నెండోది ఉత్త తెల్ల కార్డు. మన జిల్లాల నుంచి వెళ్లి వచ్చిన కుర్రవాళ్లను అడిగితే కథలు కథలుగా చెబుతారు. కానీ అక్కడ ఎవరూ ఆ కథలొక్కటే చదివి తేల్చరు. మాటలకు స్పందన రాయించే పరీక్ష, సందర్భాల పరీక్ష, ఇంటర్వ్యూ, ఆరుబయట జట్టుగా చేయించే పనులు, అన్నీ కలిపి ఐదు రోజులు పడుతుంది. మనస్తత్వ నిపుణుడు, ఇంటర్వ్యూ అధికారి, ఆరుబయట పరీక్షల అధికారి ఎవరికి వారు మార్కులు వేసి చివర్న కలిసి కూర్చుంటారు. ఇంత చేసినా కోచింగ్ కేంద్రాలు ఊరుకోలేదు. కథానాయకుడు నీ వయసువాడే కావాలి, ఊరికి మంచి చేయాలి, చివర్న గెలవాలి అని నేర్పి పంపుతున్నాయి. కథ మీద మార్కులుంటాయని తెలిసిన క్షణం నుంచి మనిషి రాసేది కథ కాదు, దరఖాస్తు.

మీ ఆట వల్ల జరుగుతున్నదీ ఇదే. తన రకం తెలిసిపోయిన పిల్లవాడు తర్వాత ఆ రకానికి తగ్గట్టు రాస్తాడు. 'మాలాంటివాళ్లు ఇలాంటి కథలు రాయరు సార్' అన్న మాట నా చెవులారా విన్నాను. ఏ వయసులో దొంగగా, సన్యాసిగా, అత్తగారిగా, ఊరి పెద్దగా గొంతు మార్చి చూసుకోవాలో ఆ వయసులో తన గొంతు ఇదేనని నమ్మి కూర్చుంటే ఇక కథ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా చేటు. మన సమాజంలో మగవాడు ఏం రాసినా కల్పన, స్త్రీ ఏం రాసినా స్వీయచరిత్ర. పెళ్లయిన స్త్రీ భర్తను వదిలి వెళ్లిపోయినట్టు కథ రాస్తే, పత్రిక ఇంటికి చేరిన రోజే పక్కింటావిడ 'అంతా బాగానే ఉందా అమ్మా' అని అడుగుతుంది. అత్తగారు ఆ కథలో తనను వెతుక్కుంటుంది. ఈ చూపుకు తట్టుకోలేక కలం పేర్ల వెనక్కి వెళ్లినవాళ్లు ఎందరో, కలమే మూసేసినవాళ్లు ఎందరో. 'మైదానం' రాసిన చలాన్ని ఊళ్లు ఎలా చూశాయో మనకు తెలుసు. మగవాడు కనుక దాన్ని ధిక్కరించి నిలబడగలిగాడు. మీరు తరగతిలో, మైకు పట్టుకుని, శాస్త్రం పేరు చెప్పి అదే పక్కింటావిడ ప్రశ్న అడుగుతున్నారు. ఇద్దరు మగవాళ్లను ప్రేమించిన స్త్రీ కథను ఒక అమ్మాయి రాస్తే, మీ ఆటలో దానికి వచ్చే ముద్ర ఏమిటి? ఆ ముద్రను పక్క బెంచీవాళ్లు హాస్టలు దాకా మోసుకెళితే జవాబుదారీ ఎవరు?

మీ ఉద్యోగం మానేయమని నేను అనడం లేదు. ఆటను కూడా ఆపనక్కర్లేదు, కొంచెం తిప్పండి చాలు. ఒక్కొక్కరిచేతా ఒకటి కాదు, రెండు కథలు రాయించండి. ఒకే సంఘటన, ఇద్దరు వేర్వేరు మనుషుల నోట. అప్పు ఇచ్చినవాడు ఒకసారి, ఎగ్గొట్టినవాడు ఒకసారి. పేర్లు తీసేసి, ఇంకో కళాశాల పిల్లలు రాసినవి కూడా మధ్యలో కలిపి పంచండి. ఏ రెండు కథలు ఒకే చేతివో కనిపెట్టమనండి. కనిపెట్టలేకపోయారంటే అది రాసిన పిల్లకే చప్పట్లు కొట్టించండి. రకం ఏమిటని అడగడం మానేసి, ఈ రాసినవాళ్లు దేన్ని గమనించారు, దేన్ని గమనించలేదు అని అడగండి. గేటుమాన్ చెప్పుల సంగతి రాసిందా? అతని భార్య ప్రస్తావన ఎందుకు లేదు? ఆ ప్రశ్నలకు జవాబు చెబుతూ పిల్లలు తమ గురించి చెప్పుకునేది మీ ప్రశ్నావళి రాబట్టే దానికన్నా ఎక్కువే ఉంటుంది, ఏమాత్రం చెప్పాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది.

చివరిగా ఒక విన్నపం. ఈ ప్రశ్నావళిని అమ్మే సంస్థే దీన్ని ఉద్యోగులను ఎంపిక చేయడానికి వాడవద్దని చెబుతోంది. ఏ రకమో చివరికి తేల్చుకోవాల్సింది ఆ మనిషేనని కూడా చెబుతోంది. అయినా కొన్ని కళాశాలల్లో ఈ ముద్రలు, వాటితోపాటు పిల్లలు రాసిన కథలు, తోటివాళ్లు వాటి మీద రాసిన వ్యాఖ్యలు ప్లేస్‌మెంట్ ఫైళ్లలోకి వెళుతున్నాయి. తరగతిలో రాసిన కథ రాసినవాళ్ల సొత్తు. దయచేసి ఈ విద్యా సంవత్సరం నుంచి వాటిని ఏ ఫైలులోనూ చేర్చకండి. ఇప్పటికే చేర్చినవి ఉంటే బయటకు తీసి, వ్యాఖ్యల కాగితాలు చింపేసి, కథల్ని ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకుడు